జనం వచ్చారు, సీటు రాలేదు: విలీన మండలాల నుంచి పునర్విభజన కమిషన్‌కు బహిరంగ లేఖ

నియోజకవర్గాల పునర్విభజన కమిషన్ గౌరవ అధ్యక్షులకు, సభ్యులకు, కేంద్ర ఎన్నికల సంఘానికి,

నమస్కారం.

కొత్త జనగణన లెక్కలు వచ్చాక అసెంబ్లీ నియోజకవర్గాల హద్దులు మళ్ళీ గీస్తారు. ఆ పని మొదలయ్యేసరికి మీ బల్ల మీద అర్జీలు గుట్టలు పడి ఉంటాయి. మా మండలాన్ని చీల్చొద్దని ఒకరు, మా ఊరి పేరు నియోజకవర్గానికి పెట్టమని ఇంకొకరు, రిజర్వేషన్ మార్చమని మరొకరు. వాటిలో పేరున్న నాయకులవి ఎటూ పైనే ఉంటాయి. మా అర్జీ అడుగున పడిపోతుందేమోనన్న భయంతో ముందుగానే, అందరికీ కనిపించేలా రాస్తున్నాను.

మాది కూనవరం మండలం. శబరి వచ్చి గోదావరిలో కలిసేది ఇక్కడే. అసెంబ్లీకి మా ఓటు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని రంపచోడవరం నియోజకవర్గంలో ఉంది. 2014 ఎన్నికల్లో భద్రాచలం నియోజకవర్గంలో వేశాం. మేం ఇల్లు మారలేదు, ఊరు మారలేదు. ఆ మాటకొస్తే మా మీద నుంచి హద్దులు వెళ్ళడం ఇదే మొదటిసారి కూడా కాదు. 1959 దాకా ఈ ప్రాంతం తూర్పుగోదావరి జిల్లా. అప్పటి నుంచి 2014 వరకు ఖమ్మం జిల్లా. మళ్ళీ తూర్పుగోదావరి. 2022 ఏప్రిల్ నుంచి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇప్పుడు రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా. ఇంటి ముందు అరుగు మీద కూర్చున్న ముసలాయన కదలకుండానే ఇన్ని జిల్లాలు తిరిగేశాడు. జిల్లాల సంగతి రాష్ట్ర ప్రభుత్వం చూసుకుంటుంది. నేను మీతో మాట్లాడాల్సింది ఓటు గురించి.

జరిగింది క్లుప్తంగా చెప్తాను, తేదీలు ముఖ్యం కాబట్టి. 2014 ఏప్రిల్ 30న తెలంగాణ ప్రాంతంలో పోలింగ్ జరిగింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు, భద్రాచలం మండలంలోని పల్లెలు భద్రాచలం అసెంబ్లీ స్థానానికి ఓటేశాయి. సీపీఎం అభ్యర్థి సున్నం రాజయ్య గెలిచారు. ఫలితాలు మే 16న వచ్చాయి. ఆ నెల ముగిసేలోపే, గోదావరి మీద కడుతున్న పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతమంతా ఒకే రాష్ట్రంలో ఉండాలంటూ ఆర్డినెన్స్ వచ్చింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. జూలైలో పార్లమెంటు ఆ ఆర్డినెన్స్‌కు బిల్లు రూపంలో ఆమోదం తెలిపింది. కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు కూడా మాతోపాటు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. మా వైపు మిగిలిన పల్లెలు ఎటపాక మండలమయ్యాయి.

అంటే మేం గెలిపించిన ఎమ్మెల్యే ఒక రాష్ట్రం సభలో, మమ్మల్ని పాలించే ప్రభుత్వం ఇంకో రాష్ట్రంలో. ఆవును ఒకరికి తోలిచ్చి పలుపు మన దగ్గర పెట్టుకున్నట్టు. రాజయ్యది మా పక్కనున్న వరరామచంద్రపురం మండలమే. అంటే ఆయన సొంత ఊరు కూడా ఆంధ్రకు వచ్చేసింది. తన ఊరి ముంపు గురించి, పునరావాస ప్యాకేజీ గురించి ఆయన అడగాల్సిన మంత్రులు ఒక సభలో, ఆయన కుర్చీ ఇంకో సభలో. ఎంత సాదాసీదాగా ప్రజల మధ్య తిరిగిన మనిషైనా చేయగలిగింది ఏముంటుంది? ఇది ఒకటి రెండు నెలల గందరగోళం కాదు. 2018లో తెలంగాణ అసెంబ్లీని ముందుగా రద్దు చేసి ఎన్నికలకు వెళ్ళాల్సి వచ్చినప్పుడు గానీ ఈ మండలాల ఓట్లు ఎక్కడివో తేల్చాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అప్పుడు భద్రాచలం నుంచి మా పేర్లు తీసి, మా నాలుగు మండలాలను రంపచోడవరంలో, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను పోలవరం నియోజకవర్గంలో కలిపారు. అలా నాలుగేళ్ళకు పైగా మాకు కాగితం మీద ఎమ్మెల్యే ఉన్నట్టు, పనిలో లేనట్టు గడిచింది. దేశంలో ఇంకెక్కడైనా ఇలా జరిగి ఉంటే చెప్పండి, వాళ్ళతో మాట్లాడి మనసు తేలిక చేసుకుంటాం.

అసలు విషయం ఇది. హద్దు జరిగినప్పుడు జనం ఆంధ్రకు వచ్చారు, సీటు రాలేదు. తెలంగాణ సీట్లు 119 అలాగే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ సీట్లు 175 అలాగే ఉన్నాయి. నాలుగు మండలాలు పోయిన భద్రాచలానికి ఎమ్మెల్యే మిగిలారు. వచ్చిన మాకు కొత్తగా ఎవరూ రాలేదు, ఉన్నవాళ్ళలో కలిపేశారు. ఇప్పుడు భద్రాచలం నియోజకవర్గంలో భద్రాచలం పట్టణం, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు ఉన్నాయి. 2023 ఎన్నికల నాటికి అక్కడి ఓటర్లు లక్షన్నరకు కాస్త తక్కువ, తెలంగాణ మొత్తంలో అందరికన్నా తక్కువ. అదే ఎన్నికల్లో శేరిలింగంపల్లి ఓటర్లు ఏడు లక్షల పైచిలుకు. భద్రాచలం వాళ్ళ మీద నాకేమీ కడుపుమంట లేదు. చుట్టాలు సగం మంది అక్కడే ఉన్నారు, జ్వరమొస్తే మేం పరిగెత్తేది కూడా అక్కడికే. అడవి ప్రాంతంలో, దూరం దూరంగా విసిరేసినట్టున్న గూడేలకు చిన్న నియోజకవర్గమే ఉండాలి. నేననేది, అక్కడ ఉండగలిగినప్పుడు ఇక్కడ ఎందుకు ఉండకూడదని.

ఇక మమ్మల్ని కలిపిన రంపచోడవరం సంగతి. 2008 పునర్విభజనలో ఈ నియోజకవర్గం ఏర్పడ్డప్పుడు ఏడు మండలాలు: రంపచోడవరం, దేవీపట్నం, మారేడుమిల్లి, వై.రామవరం, అడ్డతీగల, గంగవరం, రాజవొమ్మంగి. అప్పటికే అది పెద్దది, కొండలు, ఘాట్లు, వాగులు. దానికి మా నాలుగూ కలిపి పదకొండు చేశారు. ఎటపాక నుంచి రంపచోడవరం దాదాపు 130 కిలోమీటర్లు. మధ్యలో చింతూరు దాటాక మారేడుమిల్లి ఘాట్. వానాకాలంలో కొండచరియలు విరిగిపడితే ఆ దారి మూతపడుతుంది. అప్పుడు మా ఎమ్మెల్యేని కలవాలంటే భద్రాచలం మీదుగా తెలంగాణలోకి వెళ్ళి, చుట్టూ తిరిగి మళ్ళీ ఆంధ్రలోకి రావాలి. మన రాష్ట్రంలోని మన నియోజకవర్గంలోనే ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి పక్క రాష్ట్రం దాటాలి.

పార్లమెంటు ఓటు సంగతి చెప్తే నవ్వుతారు. మా పెద్దవాళ్ళు ఓటేసింది భద్రాచలం లోక్‌సభ స్థానానికి. 2004లో అక్కడ మిడియం బాబూరావు గెలిచారు. 2008లో ఆ స్థానమే రద్దయింది, మేం మహబూబాబాద్‌లోకి వెళ్ళాం. 2019 నుంచి అరకు. అరకు లోక్‌సభ అంటే పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం. పాలకొండ ఎక్కడ, ఎటపాక ఎక్కడ? రోడ్డు మీద 400 కిలోమీటర్లకు పైనే. ఆ ఎంపీ ఎంత మంచివాళ్ళయినా, ఐదేళ్ళలో మా గూడేనికి ఒక్కసారి వస్తే అదే ఎక్కువ. అందుకు వాళ్ళను తిట్టడం నాకు ఇష్టం ఉండదు. గీత గీసినవాళ్ళు చూడాల్సింది అది.

2024లో మా ఎమ్మెల్యేగా గెలిచిన మిరియాల శిరీషాదేవి ఒకప్పుడు అంగన్‌వాడీ కార్యకర్త. అలాంటి నేపథ్యం నుంచి వచ్చిన మనిషి గెలిచిందంటే నాకు సంతోషమే. ఏజెన్సీ జీవితం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. అంతకుముందు 2019లో నాగులాపల్లి ధనలక్ష్మి, 2014లో వంతల రాజేశ్వరి గెలిచారు. ముగ్గురూ గిరిజన మహిళలే, ఇది ఆ నియోజకవర్గానికి గొప్పే. కానీ ఎవరు గెలిచినా పదకొండు మండలాల్లో ఏడు అటువైపు, నాలుగు ఇటువైపు. పార్టీల లెక్క ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. 2019లో రాజయ్య ఈసారి ఆంధ్ర అభ్యర్థిగా రంపచోడవరంలో నిలబడి ఓడిపోయారు. భద్రాచలంలో మూడుసార్లు గెలిచిన మనిషికి ఘాట్ అవతల ఆ బలం లేదు. మరుసటి ఏడాది కరోనాతో ఆయన చనిపోయారు. ఆయనకు ముందు 1985 నుంచి వరసగా మూడుసార్లు భద్రాచలం నుంచి గెలిచిన కుంజా బొజ్జిది కూడా మా వైపే. ఒకప్పుడు ఈ కొసన పుట్టిన కోయ మనిషి ఎమ్మెల్యే కావడం మామూలు విషయం. ఇప్పుడు టికెట్ల దగ్గరే మా పేర్లు వినిపించడం లేదు. పార్టీ ఏదైనా అంతే.

అవతలి మండలాలకు లేని సమస్య మాకొకటి ఉంది, అదే అన్నిటికీ మూలం. మునక. దేవీపట్నం వాళ్ళకు తెలుసు, వాళ్ళూ మునిగారు. అడ్డతీగల, రాజవొమ్మంగి వాళ్ళకు ఇది పేపర్లో వార్త. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986లో 75.6 అడుగులు వచ్చినప్పటి మాటలు పెద్దవాళ్ళు చెప్తుంటే కథల్లా వినేవాళ్ళం. 2022లో ఆ కథ ఇంట్లోకే వచ్చింది. పోలవరం మొదటి దశ ముంపు అంటే 41.15 మీటర్ల కాంటూరు, అంటే ఆ ఎత్తు దాకా నీళ్ళు నిలిచే గీత అన్నారు, జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. 41.15 జాబితాలో లేని ఊళ్ళు కూడా ఆ ఏడాది మునిగాయి. ఎవరి పేరు జాబితాలో ఉంది, ఎవరిది లేదు, పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లలకు ప్యాకేజీ వస్తుందా, ఇల్లు ముందా డబ్బు ముందా... మా దగ్గర టీ బడ్డీ దగ్గర మాట్లాడుకునేది ఇదొక్కటే. అసెంబ్లీలో ఎవరైనా ఐదు నిమిషాలు మాట్లాడితే ఆ ఐదు నిమిషాలూ దీని గురించే మాట్లాడే మనిషి మాకు కావాలి. పదకొండు మండలాల ఎమ్మెల్యేకి భూపతిపాలెం నీళ్ళు చూడాలి, అడ్డతీగల జీడిమామిడి చూడాలి, ఘాట్ రోడ్డు చూడాలి. ఆమె నోట మా మాట వచ్చేసరికి సమయం అయిపోయిందని స్పీకర్ గంట కొడతారు.

ఇప్పుడు మీకు ఎక్కువగా పనికొచ్చే విషయం. జనగణనలో జనాన్ని లెక్కపెట్టే తేదీ 2027 మార్చి 1. మీరు గీయబోయే సీట్లకు ఆ అంకెలే ఆధారం అనుకుందాం. సరిగ్గా ఈ సమయంలోనే మా ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి. కొన్ని కుటుంబాలు పునరావాస కాలనీలకు వెళ్ళిపోయాయి, కొన్ని వెళ్ళబోతున్నాయి, కొన్ని వెళ్ళి అక్కడ పని దొరక్క మళ్ళీ పాత ఊరికే వస్తున్నాయి. కొన్ని కాలనీలు మైదానంలో ఉన్నాయి. అక్కడ లెక్కకెక్కిన గిరిజనుడు జనరల్ సీటులో ఓటరవుతాడు, వేల ఓట్లలో వంద ఓట్లుగా. ఇక్కడ మిగిలిన ఊళ్ళలో జనం తగ్గినట్టు కనిపిస్తుంది. రాష్ట్రం మొత్తం మీద ఎస్టీ సీట్ల సంఖ్య దీనివల్ల తగ్గదు, అది రాష్ట్ర జనాభాలో గిరిజనుల వాటాను బట్టి ఉంటుంది కాబట్టి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అవి ఏడు. కానీ ఆ సీట్లు ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఎక్కడెక్కడ గిరిజనులు ఎక్కువ శాతం ఉన్నారో చూసే నిర్ణయిస్తారు. ప్రాజెక్టు కోసం ఊరు వదిలినవాడు ఆ ఊరి సీటును కూడా తనతో తీసుకుపోయినట్టు అవుతుంది, మైదానంలో అతనికి అది అక్కరకు రాదు, ఇక్కడున్నవాళ్ళకు మిగలదు. లెక్క తీసుకునేటప్పుడు ఈ మండలాలను మామూలు మండలాల్లా చూడొద్దని మా మొదటి విన్నపం. 2011 జనగణనలో ఈ ఊళ్ళలో ఎంతమంది ఉన్నారో, 2027లో ఎంతమంది ఉన్నారో పక్కపక్కన పెట్టుకుని, ఆ తేడాకు కారణం ఏమిటో రాసుకుని, ఆ తర్వాత గీత గీయండి.

ఎన్నికల సంఘానికి ఇంకో మాట. ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ 2025లో బీహార్‌లో మొదలైంది. పాత సమగ్ర సవరణ జాబితాలో మీ పేరో మీ తల్లిదండ్రుల పేరో చూపించమంటున్నారు. మా పాత జాబితాలు భద్రాచలం నియోజకవర్గం, ఖమ్మం జిల్లా కింద ఉంటాయి. ఆ కాగితాలు ఇప్పుడు వేరే రాష్ట్రం ఎన్నికల కార్యాలయంలో. కూనవరం మండలంలో పుట్టి పెరిగిన మనిషిని పక్క రాష్ట్రం నుంచి వచ్చినవాడిగా చూసే ప్రమాదం ఉంది. దానికి తోడు బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) వచ్చే సమయానికి కుటుంబం కాలనీలో ఉంటే ఇక్కడ పేరు పోతుంది, అక్కడ ఎక్కడానికి చిరునామా మార్పు కోసం ఫారం 8 పెట్టాలి. చదువు రాని ముసలివాళ్ళకు ఆ ఫారం ఎవరు నింపుతారు? పాత జాబితాను మీరే తెప్పించి మా బూత్‌లకు జతచేసి ఉంచితే సగం టెన్షన్ తగ్గుతుంది. అది ఇద్దరు గుమాస్తాలు కొన్ని రోజులు కూర్చుంటే అయ్యే పని.

మేం అడిగేది ఏమిటో ఇప్పటికే అర్థమై ఉంటుంది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఎటపాక, వీలైతే కుక్కునూరు, వేలేరుపాడు కూడా కలిపి ఒక ఎస్టీ నియోజకవర్గం. 2011 లెక్కల్లో తెలంగాణ నుంచి వచ్చిన ఈ ఊళ్ళ జనం రెండు లక్షలకు కాస్త తక్కువ. 175 సీట్ల సభలో సీటుకు సగటున 2.8 లక్షల మంది పడతారు కాబట్టి అది చిన్నదే. కానీ రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్ సీట్లను 225కి పెంచాలంది. ఆ పెంపు వెంటనే జరగాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జూలైలో కొట్టేసింది, రాజ్యాంగం చెప్పిన గడువు దాకా ఆగాలన్నది దాని సారాంశం. గడువు తీరి 225 అయితే సగటు 2.2 లక్షలు అవుతుంది. అప్పుడు మాది సగటుకు దగ్గర్లోనే ఉండే సీటు. అప్పుడు కూడా జనం చాలరంటే, భద్రాచలం ఓటర్ల సంఖ్య మీకు పైనే చెప్పాను.

దీనికి ఒక అడ్డు ఉందని నాకు తెలుసు, మీకు ఎవరో చెప్పేముందు నేనే చెప్తాను. కుక్కునూరు, వేలేరుపాడు గోదావరికి కుడి గట్టు, మేం ఎడమ గట్టు. మధ్యలో పడవలే. వంతెన ఉన్నది భద్రాచలంలో, అంటే తెలంగాణలో. నియోజకవర్గాలు భౌగోళికంగా ఒక్కచోట ఉండాలని, రాకపోకలు, ప్రజల సౌకర్యం చూడాలని 2002 పునర్విభజన చట్టం చెప్తుంది. ఆ లెక్కన నది ఇబ్బందే. కానీ అదే చట్టం ప్రకారం ఎటపాక, రాజవొమ్మంగి ఒకే సీటులో ఎలా కుదిరాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నది అవతలివాళ్ళదీ ఇదే మునక, ఇదే ప్యాకేజీ, ఇదే కాంటూరు గొడవ. ఆ రెండు మండలాలు కలపడం కుదరకపోతే వదిలేయండి, మా నాలుగు మండలాలకు మారేడుమిల్లి వైపు నుంచి అవసరమైనంత కలపండి. కొస భాగం మాది కాకుండా మధ్య భాగం మాది అయ్యేలా ఉంటే చాలు.

పోలింగ్ సమయం గురించి ఒక చిన్న మాట. 2024 మే 13న రాష్ట్రంలో చాలాచోట్ల సాయంత్రం ఆరు దాకా ఓటేస్తే అరకు, పాడేరు, రంపచోడవరంలో నాలుగింటికే ముగించారు. భద్రతా కారణాలు ఉండొచ్చు. కానీ వాగు దాటి, గుట్ట దిగి, నడిచి రావాల్సినవాళ్ళకే రెండు గంటలు తక్కువ ఇవ్వడం తిరగబడ్డ లెక్క. పరిస్థితులు మారాయని ప్రభుత్వమే చెప్తోంది కదా, అయితే ఆ రెండు గంటలు తిరిగి ఇవ్వండి, లేదా బూత్‌లు దగ్గరకు తెండి.

చివరిగా, ముసాయిదా ప్రకటించాక మీరు బహిరంగ విచారణలు జరుపుతారు. సాధారణంగా అవి పెద్ద నగరాల్లో పెడతారు. మా కోసం ఒక రోజు చింతూరులో పెట్టండి. ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయం ఉంది, కూర్చోవడానికి చోటుకు కొదవ లేదు. కోయ భాష తెలిసిన ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి, ముసలివాళ్ళు తెలుగులో తడబడతారు. జూలై, ఆగస్టు వద్దు, గోదావరి ఎటు ఉంటుందో చెప్పలేం. జనవరి అయితే రోడ్లు బాగుంటాయి, మిరప కోతలు ఇంకా ఊపందుకోవు కాబట్టి జనం వస్తారు. వచ్చేటప్పుడు రాజమండ్రి నుంచి ఘాట్ మీదుగా రండి. మా ఎమ్మెల్యే ఆఫీసుకు మేం వెళ్ళే దారి అదే.

ఇట్లు,
కూనవరం మండలం నుంచి ఒక ఓటరు
రంపచోడవరం (ఎస్టీ) అసెంబ్లీ నియోజకవర్గం